నిరీక్షణకు నియమం చెప్పిన శాస్త్రవేత్త – ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా

పనిమీద పంపిన బిడ్డ తిరిగి వచ్చేవరకు తల్లి గుమ్మం వద్ద ఎదురుచూడటం లోకసహజం. తెచ్చిన బరువును తల్లి అందుకొంటేగాని బిడ్డ గడప దాటి లోనికి రాలేకపోవటమూ సహజమే. కాని బిడ్డ లోనికి వచ్చిన తరువాతనే బరువు అందుకొంటానని తల్లి, బరువు అందుకొన్న తరువాతనే లోనికి వస్తానని బిడ్డ నిలిచిపోతే ఆ పూట ఆ ఇంట పొయ్యి వెలగదు. ఇద్దరిలో ఎవరూ దోషులు కారు. ఎవరి నియమాన్ని వారు పాటించినవారే. అయినను పని ఆగిపోయినది.

కంప్యూటర్ల లోకంలో ఇట్టి ప్రతిష్టంభన నిత్యమూ సంభవిస్తూ ఉంటుంది. దానికి మృత్యుపరిష్వంగమనే అర్థం వచ్చే పేరు పెట్టి, దాని స్వరూపాన్ని గణితశాస్త్ర నిష్ఠతో పరిశీలించి, నివారణోపాయాలను లోకానికి బోధించిన మహనీయుడు హాలెండు దేశీయుడైన ఎడ్స్‌గర్ వీబె డైక్‌స్ట్రా. నేడు కంప్యూటరు విద్యను అభ్యసించే ప్రతి విద్యార్థీ ఆయన పేరును ఒక్కసారైనా వినకమానడు. అయితే రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి కనుగొనే పద్ధతిని చెప్పినవాడుగా మాత్రమే పెక్కుమందికి ఆయన పరిచితుడు. ఆయన జీవితంలోని మరొక పార్శ్వాన్ని, అది మన చదువుకు ఉపకరించే తీరును ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచదలచినాము.

బాల్యము – విద్యాభ్యాసము

డైక్‌స్ట్రా 1930వ సంవత్సరం మే 11వ తేదీన రోటర్‌డామ్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రజ్ఞుడు, ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. తల్లి గణితశాస్త్రంలో ఆరితేరిన విదుషి. ఆమె ఎన్నడూ ఉద్యోగం చేయకపోయినప్పటికీ, కుమారుని ఆలోచనా సరళిపై ఆమె ముద్ర మిక్కుటంగా పడినది. త్రికోణమితి కష్టమా అని బాలుడు అడిగినప్పుడు, సూత్రాలు కంఠస్థంగా ఉండవలెననీ, లెక్క ఐదు పంక్తులు దాటితే దారి తప్పినట్లేననీ ఆమె బోధించినదట. క్లుప్తతయే సత్యానికి గుర్తు అనే ఆ పాఠాన్ని ఆయన జీవితాంతం మరువలేదు.

ఆయనకు పదేండ్లు నిండిన మూడవనాడే, 1940 మే 14న, జర్మన్ విమానాలు రోటర్‌డామ్‌ను బాంబులతో నేలమట్టం చేశాయి. యుద్ధం ముగిసిన తరువాత న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్య సమితిలో తన దేశానికి ప్రతినిధి కావలెనని ఆ యువకుడు కలలు కన్నాడు. కాని విజ్ఞాన శాస్త్రాలలో వచ్చిన ఉత్తమ ఫలితాలను చూసి పెద్దలు ఆయనను ఆ వైపునకే మరల్చారు. లైడెన్ విశ్వవిద్యాలయంలో గణిత, భౌతిక శాస్త్రాలను అభ్యసించారు. 1951లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ నిర్వహించిన ప్రోగ్రామింగ్ తరగతులకు హాజరైనారు. మరుసటి సంవత్సరం మార్చి నెలలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణితశాస్త్ర కేంద్రంలో చిన్న ఉద్యోగం లభించినది.

భౌతికశాస్త్రమా, ప్రోగ్రామింగా అనే సందిగ్ధం ఆయనను చాలాకాలం వేధించినది. భౌతికశాస్త్రానికి శతాబ్దాల గౌరవం ఉన్నది; ప్రోగ్రామింగ్‌కు అప్పటికి శాస్త్రమనే పేరైనా లేదు. ఈ విద్యను గౌరవనీయమైన శాస్త్రంగా తీర్చిదిద్దేవాడు నీవే ఎందుకు కాకూడదని కేంద్రంలోని పెద్ద, వాన్ వైన్‌గార్డెన్, ప్రోత్సహించటంతో ఆయన సంశయం తీరినది. 1957లో మరియా డెబెట్స్ అనే ఆమెను వివాహమాడినప్పుడు వృత్తి గడిలో ప్రోగ్రామర్ అని వ్రాయగా, అట్టి వృత్తి లేదని ఆమ్‌స్టర్‌డామ్ నగర అధికారులు అంగీకరించలేదు. చివరకు సైద్ధాంతిక భౌతికశాస్త్రజ్ఞుడని వ్రాయవలసి వచ్చినది. నేడు వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్న వృత్తికి నాడు దస్తావేజులో చోటు లేకపోవటం గమనించదగినది.

పేరు తెచ్చిన దారి – భయపెట్టిన యంత్రం

1956లో ఆర్మాక్ అనే కొత్త యంత్రం ప్రారంభోత్సవానికి సామాన్యులకు అర్థమయ్యే లెక్క ఒకటి కావలసి వచ్చినది. కాబోయే భార్యతో కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక కాఫీ హోటలులో కూర్చుని, కాగితం కలం లేకుండానే ఇరవై నిమిషాలలో ఆయన దగ్గరి దారి పద్ధతిని ఊహించారు. 64 డచ్చి పట్టణాలతో దానిని ప్రదర్శించారు. 1959లో అది మూడు పుటల వ్యాసంగా వెలువడినది. ఇట్టి పద్ధతులను మనం ఆల్గరిథమ్‌లు అంటున్నాము. ఆ మాట తొమ్మిదవ శతాబ్దంలో బగ్దాదులో విరాజిల్లిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరునుండి పుట్టినదని మన కళాశాల విద్యార్థులు ఎరిగినదే.

కాని మన విషయానికి ముఖ్యమైన ఘట్టం మరొకటి. 1957 ప్రాంతంలో ఎక్స్1 అనే యంత్రాన్ని నిర్మిస్తున్న లూప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే సహచరులు ఒక కొత్త ఏర్పాటును ప్రతిపాదించారు. అంతకుముందు యంత్రం ఒక అక్షరాన్ని అచ్చువేయమని టైపు యంత్రానికి చెప్పి, అది ముగిసేవరకు ఊరక కాచుకొని ఉండేది. ఇకపై యంత్రం తన లెక్కను తాను చేసుకొంటూ ఉండగా, టైపు యంత్రమే తన పని ముగియగానే తలుపు తట్టి చెప్పవలెనని వారి ఆలోచన. కాలం కలిసివచ్చే మాట నిజమే. కాని ఆ తట్టుడు ఏ క్షణాన వచ్చునో ఎవరికీ తెలియదు. ఒకే ప్రోగ్రాంను పదిమార్లు నడిపితే పదిమార్లూ ఘటనలు ఒకే వరుసలో జరుగవు. ఒకనాడు కనిపించిన తప్పు మరునాడు కనిపించకపోవచ్చును.

డైక్‌స్ట్రా భయపడ్డారు. మూడు నెలలపాటు నిర్ణయాన్ని వాయిదా వేశారు. మిత్రులు పొగిడి ఒప్పించగా చివరకు అంగీకరించి, ఆ యంత్రంతో ఇతర పరికరాల సంభాషణనే తన పరిశోధనకు విషయంగా స్వీకరించి, 1959లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పట్టాన్ని పొందారు. భయాన్ని దాచుకొనక దానినే శాస్త్రంగా మలచుకొనుట ఆయన గొప్పతనం. వరుసను మన చేతిలో ఉంచుకొనలేనప్పుడు, ఏ వరుసలో జరిగినా చెడని విధంగా ప్రోగ్రాంను వ్రాయుట ఎట్లు? ఆయన తదుపరి జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకు సమాధానమని చెప్పవచ్చును.

1960లో జాప్ జోన్నెవెల్డ్‌తో కలిసి ఆల్గాల్ 60 భాషకు అనువాదక ప్రోగ్రాంను నిర్మించారు. పని ముగిసేవరకు గడ్డం తీయరాదని ఇద్దరూ పంతం పట్టారని చెప్పుకొంటారు. పని ముగిసినది. మిత్రుడు గడ్డం తీశాడు. డైక్‌స్ట్రా మాత్రం ఉంచుకొన్నారు.

చేయి చాచిన స్తంభం

1962లో ఆయన ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర ఆచార్యులైనారు. ఆ ప్రాంతంలోనే ఆయన సెమఫోర్ అనే సాధనాన్ని రూపొందించారు. ఈ మాట రైల్వేవారిది. మన జహీరాబాదు మీదుగా పోయే వికారాబాదు–బీదరు రైలుమార్గం బహుకాలం ఒంటి దారిగా ఉండినది. ఎదురుబండి దాటిపోయేవరకు మన బండి స్టేషనులో నిలిచి ఉండుట, స్తంభంపై చేయి వాలిన తరువాతనే కదలుట పెద్దలందరూ ఎరిగినదే. డ్రైవర్లు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడనక్కరలేదు. స్తంభాన్ని చూస్తే చాలును. సెమఫోర్ అట్టిదే. అది ఒక అంకె. ప్రవేశించదలచిన ప్రక్రియ దానిని ఒకటి తగ్గించవలెను. తగ్గించుటకు వీలు లేకపోతే ఆగవలెను. పని ముగించిన ప్రక్రియ దానిని ఒకటి పెంచవలెను. అంతట ఆగి ఉన్నవారిలో ఒకరికి దారి లభిస్తుంది. ఈ రెండు క్రియలకు ఆయన పెట్టిన పి, వి అనే అక్షరాలు డచ్చి మాటలనుండి వచ్చినవే.

మన వార్షిక సంచికనే ఉదాహరణగా తీసుకొందాము. ఉర్దూ పుటలు కుడివైపు నుండి, తెలుగు పుటలు ఎడమవైపు నుండి సాగి నడుమ కలుసుకొంటవి. ఎవరి పుటలను వారు దిద్దుకొన్నంతసేపు చిక్కు లేదు. నడిమి పుటను ఇరు బృందాలూ ఒకేసారి దిద్దబోతే ఒకరి దిద్దుబాటును మరొకరు చెరిపివేస్తారు. ఒకరు ఉన్నప్పుడు మరొకరు ఆగవలెనను నియమాన్ని, ప్రక్రియలు ఎన్ని ఉన్నను చెల్లేటట్లుగా, డైక్‌స్ట్రా 1965లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసంలో నిరూపించి చూపారు.

అదే సంవత్సరం సిద్ధపరచిన పరస్పర సహకార ప్రక్రియల వ్యాసంలో ఆయన మరొక సమస్యను విడమరచి చెప్పారు. ఒక ప్రక్రియ వస్తువులను తయారుచేస్తుంది. మరొకటి వాటిని వాడుకొంటుంది. నడుమ ఒక నిల్వస్థలం ఉన్నది, అది పరిమితమైనది. చెరకు పండించే మన ప్రాంతంవారికి ఇది తేలికగా బోధపడుతుంది. కర్మాగారం ఆవరణలో పట్టే బండ్లకు ఒక లెక్క ఉన్నది. ఆవరణ నిండితే వెనుక వచ్చిన బండి రోడ్డుమీదనే ఆగవలెను. ఆవరణలో బండ్లు లేకపోతే గానుగ ఆగవలెను. డైక్‌స్ట్రా ఇందుకు రెండు సెమఫోర్లను నియమించారు: ఒకటి నిండిన చోట్లను, మరొకటి ఖాళీ చోట్లను లెక్కిస్తుంది. మూడవది ఒకటి నిల్వస్థలాన్ని ఒకేసారి ఇద్దరు ముట్టకుండా కాపాడుతుంది. నేడు కంప్యూటరులో ఒక ప్రక్రియ నుండి మరొక ప్రక్రియకు సమాచారం పోయే ప్రతి మార్గంలోను ఈ సూత్రమే నడుస్తున్నది.

మృత్యుపరిష్వంగం గురించి ఆయన చెప్పినదీ ఈ వ్యాసంలోనే. కొంత సొత్తు చేతబట్టుకొని, ఎదుటివాని సొత్తు కొరకు ప్రతివాడూ ఎదురుచూస్తూ, ఆ నిరీక్షణ గొలుసు గుండ్రంగా చుట్టుకొంటే ఇక ఎవరికీ విడుదల లేదు. పరిమిత ధనం ఉన్న బ్యాంకరు, తాను ఇచ్చే అప్పు వలన అందరూ తమ పని పూర్తిచేసుకొని బాకీ తీర్చే మార్గం ఇంకా మిగిలి ఉంటేనే అప్పు ఇచ్చే విధంగా, యంత్రం కూడ తన సొత్తును పంచవలెనని ఆయన పద్ధతి చెప్పారు. ఐదుగురు తత్త్వవేత్తలు గుండ్రని బల్ల చుట్టూ కూర్చుని, చెరి ఒక ఫోర్కు చేతబట్టి, రెండవదాని కొరకు కలకాలం ఆకలితో కాచుకొన్న కథ కూడ ఆయన 1965లో ఇచ్చిన పరీక్షా ప్రశ్న నుండి పుట్టినదే.

సిద్ధాంతం ఆచరణకు వచ్చినది

చెప్పినదానిని చేసి చూపుట మహాత్ముల లక్షణం. ఐండ్‌హోవెన్‌లో సుమారు ఆరుగురు సభ్యుల చిన్న బృందంతో, సుమారు 32 వేల పదాలు మాత్రమే పట్టే జ్ఞాపకశక్తి గల ఎక్స్8 యంత్రంపై, టి.హెచ్.ఇ. అనే నిర్వాహక వ్యవస్థను డైక్‌స్ట్రా నిర్మించారు. దాని వివరణ 1968లో ప్రకటితమైనది. ఆ వ్యవస్థను అంతస్తులుగా కట్టారు. అన్నిటికన్న క్రింద యంత్రం కాలాన్ని ప్రక్రియలకు పంచే అంతస్తు. దానిపై జ్ఞాపకశక్తిని నిర్వహించే అంతస్తు. ఆపైన ఆపరేటరుతో సంభాషణ. దానిపై వచ్చిపోయే సమాచార ప్రవాహాలను నిల్వచేసే అంతస్తు. ఆ పైన వాడుకరుల ప్రోగ్రాములు. ప్రతి అంతస్తును విడిగా ఆలోచించి, విడిగా పరీక్షించి, గట్టిదని తేలిన తరువాతనే పై అంతస్తును కట్టారు. పరీక్షలలో బయటపడిన తప్పులు సుమారు 500 ఆదేశాలకు ఒకటి చొప్పున ఉన్న చిల్లర పొరపాట్లే తప్ప, ఆలోచనలోని లోపాలు కావు. కాలక్రమం చేతిలో లేని వ్యవస్థను సైతం ముందుగానే తర్కంతో నిగ్గు తేల్చవచ్చునని ఆ విధంగా రుజువైనది.

నేటి విద్యార్థికి దీనితో పనియేమి?

ఇక మొదట చెప్పిన తల్లీబిడ్డల సమస్యకు వత్తాము. నడుస్తున్న ప్రోగ్రాంను ప్రక్రియ అంటారు. ఒక ప్రక్రియ తన పనిలో కొంత భాగానికి మరొక ప్రక్రియను పుట్టించవచ్చును. పుట్టించినది మాతృ ప్రక్రియ. పుట్టినది శిశు ప్రక్రియ. శిశువు ఫలితాలు తల్లికి చేరే మార్గం పైపు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ సూచన మేరకు కెన్ థాంప్సన్ 1973లో యూనిక్స్ వ్యవస్థలో పైపులను ప్రవేశపెట్టారు. పైపు కూడ పరిమితమైన నిల్వస్థలమే. నేటి లినక్స్‌లో దాని సాధారణ పరిమాణం 65,536 బైట్లు.

విద్యార్థి ఒకడు పైథాన్‌లోనో, జావాలోనో, సి భాషలోనో ప్రోగ్రాం వ్రాసి, శిశు ప్రక్రియను ప్రారంభించి, అది ముగిసేవరకు ఆగి, ఆపై దాని ఫలితాన్ని చదువవలెనని తలచినాడు అనుకొందాము. చూచుటకు ఇది సక్రమంగానే కనిపిస్తుంది. ఫలితం పది పంక్తులైనంతకాలం చక్కగానే నడుస్తుంది. ప్రయోగశాలలో మెప్పు పొందుతుంది. కాని ఒకనాడు ఫలితం పైపు పరిమాణాన్ని మించినదా, పైపు నిండి శిశువు ఆగిపోతుంది. తల్లి చదివితేగాని శిశువు కదలదు. శిశువు ముగిస్తేగాని తల్లి చదువదు. తప్పు సందేశమేదీ తెరపై కనిపించదు. యంత్రం నిశ్శబ్దంగా నిలిచి ఉంటుంది. ఇదే డైక్‌స్ట్రా చెప్పిన మృత్యుపరిష్వంగం.

మరొక చిక్కు కూడ ఉన్నది. శిశువు మాట్లాడే మార్గాలు రెండు: ఫలితాలకు ఒకటి, తప్పుల నివేదికలకు ఒకటి. తల్లి మొదటిదానిని తుదిదాక చదివిన తరువాతనే రెండవదానిని చూడదలచినచో, ఈలోగా రెండవది నిండి మరల అదే ప్రతిష్టంభన కలుగుతుంది. జావా, పైథాన్ భాషల అధికారిక వివరణ పత్రాలు రెండూ ఈ ప్రమాదాన్ని గురించి హెచ్చరిస్తున్నవి.

నివారణ ఏమి? ఆగుటకు ముందు చదువవలెను. రెండు మార్గాలనూ ఏకకాలంలో చదువుటకు ఏర్పాటు ఉండవలెను. లేదా రెండింటిని ఒకటిగా కలుపవలెను. లేదా ఫలితాన్ని ఫైలులోనికి మళ్లించవలెను. పైథాన్‌లోని కమ్యూనికేట్ అనే సాధనం రెండింటిని కలిపి చదివి, ఆ పిమ్మటనే శిశువు ముగింపు కొరకు ఆగుతుంది. అయితే అది ఫలితమంతటిని జ్ఞాపకశక్తిలో నిలుపుకొంటుంది కనుక, అపారమైన ఫలితం వచ్చే చోట తగదు. సి భాషలో పైపును స్వయంగా తెరిచినవారు, తల్లి వద్ద మిగిలిన వ్రాత కొసను మూయుట మరువరాదు. అది తెరిచి ఉన్నంతకాలం సమాచారం ముగిసినదనే సూచన తల్లికి రానేరాదు. చివరగా, ముగిసిన శిశువు అప్పగించే ముగింపు సంఖ్యను తల్లి తప్పక స్వీకరించవలెను. లేనిచో, తల్లి నడుస్తున్నంతకాలం, ప్రాణం పోయినా పేరు పోని ప్రక్రియగా అది వ్యవస్థ పట్టికలో మిగిలి ఉంటుంది.

ఈ ఉపాయాలను కంఠస్థం చేయుట డైక్‌స్ట్రా మార్గం కాదు. కారణాన్ని గ్రహించుట ఆయన మార్గం. తల్లి ఎల్లప్పుడూ అందుకొనుటకు సిద్ధంగా ఉన్నదనుకొనుడు. అప్పుడు శిశువు పైపు వద్ద కలకాలం ఆగదు. తన పని ముగించగలదైతే ముగిస్తుంది; మార్గం మూసుకొంటుంది; తల్లికి ముగింపు తెలుస్తుంది; అటుపిమ్మట ఆగినా క్షణకాలమే. నిరీక్షణ గొలుసు ఎక్కడా గుండ్రంగా చుట్టుకొనలేదు. ఈ నాలుగు పంక్తుల తర్కం వేయి పరీక్షలు ఇవ్వలేని నిశ్చింతను ఇస్తుంది. పరీక్ష వలన తప్పు ఉన్నదని తెలియవచ్చునేగాని లేదని తేలదని ఆయన పదేపదే హెచ్చరించుటకు అర్థమిదే. పది పంక్తులతో నడిచిన ప్రోగ్రాం లక్ష పంక్తులతో ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో నిలిచిపోతే నష్టపడేది దానిని వ్రాసినవాడు కాదు. వరుసలో నిలిచిన సామాన్యుడు.

ఉత్తర జీవితము – వ్యక్తిత్వము

1972లో ఆయనకు కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించినది. మరుసటి సంవత్సరం నుండి బరోస్ సంస్థ పరిశోధకుడుగా, న్యూనెన్ గ్రామంలోని తన ఇంటి నుండియే పనిచేశారు. 1984లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1999లో పదవీ విరమణ చేశారు. 1980లో స్కోల్టెన్‌తో కలిసి ప్రకటించిన వ్యాసంలో, అనేక యంత్రాలకు వ్యాపించిన పని ఎప్పుడు ముగిసినదో కనుగొనే పద్ధతిని చెప్పారు. మొదట పని అప్పగించినది తల్లి. తన శిశువులన్నీ ముగించినవని తెలిసిన తరువాతనే ప్రతి యంత్రమూ తన తల్లికి కబురు పంపవలెను. ఎక్స్1 నాడు ఆయనను భయపెట్టిన మిత్రుడే ఇరవై ఏండ్ల తరువాత ఈ పనిలో తోడైనాడు.

కంప్యూటరు శాస్త్రానికి ఇంత సేవ చేసిన ఆయన కంప్యూటరును వాడినది బహు తక్కువ. ఫౌంటెన్ పెన్నుతో, ముత్యాలవంటి అక్షరాలతో, వరుస సంఖ్యలు వేసి 1300కు పైగా రచనలను సాగించారు. వాటి నకళ్లు మిత్రులనుండి మిత్రులకు దేశదేశాలు తిరిగినవి. పియానో వాయించుట, మోజార్ట్ సంగీతం వినుట ఆయనకు ప్రీతి. నాలుక మాత్రం పదునైనది. తనకు నచ్చని భాషలను, పద్ధతులను నిర్దాక్షిణ్యంగా విమర్శించేవారు. 1968లో ఆల్గాల్ 68 భాషను సంఘంలో అధిక సంఖ్యాకులు ఆమోదించగా, అల్పసంఖ్యాకుల అసమ్మతి నివేదికపై సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. పెద్ద పెద్ద ప్రోగ్రాములను ఆయన కోరినట్లు ఆద్యంతం నిరూపించుట ఆచరణలో దుస్సాధ్యమని ఆక్షేపించినవారు కలరు. ఆ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. కాని నిరూపణ పూర్తిగా సాధ్యం కానిచోట సైతం ఆలోచన మానరాదన్నది ఆయన బోధ.

2002వ సంవత్సరంలో స్వదేశానికి తిరిగివచ్చి, ఆగస్టు 6వ తేదీన న్యూనెన్‌లో క్యాన్సర్ వ్యాధితో ఆయన కన్నుమూశారు. అనేక యంత్రాల సమష్టి గణనలో ఉత్తమ వ్యాసాలకు ఇచ్చే పురస్కారానికి 2003 నుండి ఆయన పేరు పెట్టారు.

జహీరాబాదు వంటి పట్టణాలలో చదివే విద్యార్థులు, మహానగరాలలోని ప్రయోగశాలలను తలచుకొని నిరాశ చెందుట కద్దు. యంత్రం లేనిదే ఈ శాస్త్రం లేదని భావించేవారికి డైక్‌స్ట్రా జీవితమే సమాధానం. ఆయన గొప్ప పనులకు కావలసినది ఒక కలం, కొన్ని కాగితాలు, తొందరపడని బుద్ధి. ప్రోగ్రాం నడిచినదా అని అడుగుటకు ముందు, ఇది ఆగిపోవుటకు అవకాశం ఎక్కడ ఉన్నదని కాగితంపై ఒక్కసారి ప్రశ్నించుకొనుట మన విద్యార్థులందరూ అలవరచుకొనవలసిన గుణం. దానికి ఖర్చు లేదు. ఏ భాషలో చదివినవారికైనా అది అందుబాటులోనే ఉన్నది.